జీవశాస్త్ర ప్రయోగాలు సొంతంగా – 4: రియో ఆకు, ఉప్పునీరు

కిందటి పాఠంలో ఉల్లిపొరకు రంగు అద్ది కణాలను చూశాం. ఈసారి రంగు కొనక్కర్లేదు. రియో ఆకు అడుగుభాగం ఊదాగా ఉండటానికి కారణం, అక్కడి బాహ్యచర్మ (పైపొర) కణాల రిక్తికల్లో, అంటే కణం లోపలి ద్రవపు సంచుల్లో, కరిగి ఉన్న ఆంథోసయానిన్ అనే రంగు పదార్థం. నర్సరీల్లో మొక్క తేలిగ్గా దొరుకుతుంది. దాని రసం కొందరికి దురద పెడుతుంది, చేతులు కడుక్కోండి.

పనితనమంతా పొర తీయడంలోనే ఉంది. ఊదా వైపు పైకి పెట్టి ఆకును ఏటవాలుగా చించితే, చిరిగిన అంచున పల్చని పొర వేలాడుతుంది. దానికి పచ్చని కండ అంటుకుని ఉంటే మొహమాటం లేకుండా పారేసి మళ్లీ చించండి. అర సెంటీమీటరు ముక్క చాలు. ఎండిపోకముందే స్లైడు మీది నీటిబొట్టులో పరచి, కవర్ స్లిప్‌ను సూది ఆసరాతో మెల్లగా దించండి.

ముందు నీటిలోనే సూక్ష్మదర్శినితో చూసి, బొమ్మ గీయండి. కణం అంచుల దాకా ఊదారంగు నిండి ఉంటుంది. ఈ బొమ్మ లేకపోతే తర్వాత కనిపించేదాన్ని దేనితో పోలుస్తారు?

5 గ్రాముల ఉప్పును నీటిలో కరిగించి, మొత్తం 100 మి.లీ. చేయండి. కవర్ స్లిప్‌కు ఒక పక్క ఈ ద్రావణం చుక్క వేసి, ఎదుటి పక్క బ్లాటింగ్ కాగితం ఆనించండి. కాగితం నీటిని పీల్చేకొద్దీ ఉప్పునీరు లోపలికి వస్తుంది. కటకానికి మాత్రం ఉప్పు తగలనివ్వకండి. కొద్ది నిమిషాల్లో ఊదారంగు మూలలను వదిలి, ముద్దలా దగ్గరికి వస్తుంది. ఇదే కణద్రవ్య సంకోచం.

రికార్డు పుస్తకాల్లో తప్పులు దొర్లేది ఇక్కడే. కణమంతా చిన్నదైపోయినట్టు గీస్తారు. నిజానికి కణకవచం, అంటే కణం బయటి గట్టి గోడ, దాదాపు ఉన్నచోటే ఉంటుంది. గోడకు లోపలి వైపున్న పల్చని పొర, ప్లాస్మాత్వచం, దాన్ని విడిచి లోపలికి జరుగుతుంది. మరి ఆ రెంటి మధ్య ఏముంది? ఖాళీ అని రాస్తే మార్కులు పోతాయి, పోవాలి కూడా. కణకవచం ఉప్పును ఆపదు కాబట్టి ఆ జాగాలో ఉన్నది ఉప్పునీరే. త్వచాన్ని దాటి నీరు బయటికి పోతుంది, రంగు లోపలే చిక్కుకుంటుంది. అందుకే ఊదా ముదిరినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అదే పద్ధతిలో మంచినీరు పంపండి. ప్రాణమున్న కణాలు మళ్లీ నిండుతాయి. మరో ఆకుముక్కను మరిగే నీటిలో ఒక నిమిషం ఉంచి, దాని పొర కూడా తీసి చూడండి. త్వచం చచ్చిపోయి రంగు కారిపోతుంది; ఎంత ఉప్పు పోసినా సంకోచం రాదు. రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు కానీ, ఇదంతా బతికున్న త్వచం పనేనని తేల్చేది అదే.

1884లో డచ్ వృక్షశాస్త్రవేత్త హ్యూగో డి వ్రీస్ వేర్వేరు ద్రావణాల బలాలను పోల్చడానికి ఈ మొక్క పొరనూ వాడాడు. వచ్చే పాఠంలో మనమూ అలాంటి కొలతే చేస్తాం. అందుకు 5 శాతం ద్రావణాన్ని 5, 10, 15, 20 మి.లీ. చొప్పున నాలుగు సీసాల్లో పోసి, ఒక్కోదాన్ని నీటితో 50 మి.లీ. చేయండి. 0.5, 1, 1.5, 2 శాతం అని చీటీలు అంటించి మూత పెట్టి ఉంచండి. ఆకు మాత్రం ఆ రోజే కోయండి.