ఖరీదైన వస్తువును ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు కొనేవాళ్ల చేతిలో మోసపోకుండా ఉండటం ఎలా?

బైకు, ఐఫోన్, కెమెరా, ల్యాప్‌టాప్... ఏది ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినా, బేరమాడకుండా చెప్పిన ధరకే ఒప్పుకున్నవాడిని ముందు అనుమానించండి. పాత సైకిల్ కొనేవాడే వందో రెండొందలో తగ్గించమంటాడు. యాభై వేల వస్తువును చూడకుండానే కొంటానంటున్నాడంటే అతని కన్ను వస్తువు మీద లేదు, మీ బ్యాంకు ఖాతా మీద ఉంది.

ఊరి పేరు చెప్పి నమ్మించేవాళ్లూ ఉంటారు. ఒకటి రెండు ప్రశ్నలు వేస్తే బయటపడతారు. "శ్రీకాకుళం టౌన్‌లోనే, రైల్వే స్టేషన్‌కి ఆనుకునే మా ఇల్లు" అన్నాడనుకోండి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది వేరే ఊరు ఆమదాలవలసలో కదా!

ప్రకటన పెట్టకముందే

ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ (ఆ ఫోన్‌కు మాత్రమే ఉండే గుర్తింపు) నంబరు వస్తుంది, రాసిపెట్టుకోండి. కెమెరా అయితే బాడీ నంబరు, లెన్సు నంబరు విడివిడిగా రాసుకోండి. వస్తువు పనిచేస్తున్నట్టు, నంబర్లు కనిపించేలా ఒక వీడియో తీయండి. తీసుకెళ్లిన మర్నాడు "పాడైపోయింది ఇచ్చారు" అంటూ వేరే పీసు తెచ్చి గొడవపెట్టేవాడికి ఇదే జవాబు.

ఆర్సీ, ఆధార్ ఫొటోలు చాట్‌లో పంపొద్దు. వాటితో మీ పేరు మీదే ఆ బైకును ఇంకొకరికి అమ్మజూపి అడ్వాన్సులు వసూలు చేస్తారు. కాగితాలు ఎదురుగా కూర్చున్నప్పుడు చూపిస్తే చాలు.

డబ్బు దగ్గరే అసలు జాగ్రత్త

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. యూపీఐ పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోందనే అర్థం. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను (డబ్బు పంపమని యూపీఐలో వచ్చే అభ్యర్థనలను) 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించింది కానీ క్యూఆర్ కోడ్, లింకు ఇంకా ఉన్నాయి. ముందు ఒక్క రూపాయి పంపి నమ్మకం కుదిరించి, తర్వాత "ఈ కోడ్ స్కాన్ చేయండి, మిగతాది పడుతుంది" అంటారు. ఇలా అడిగేవాడు తరచూ ఆర్మీ జవాన్ననో, విశాఖలో నేవీ ఉద్యోగిననో చెప్పి ఐడీ కార్డు ఫొటో కూడా పంపుతాడు. ఊరూరా సైన్యంలో పనిచేసే కుర్రాళ్లున్న మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఆ మాటకు గౌరవం ఎక్కువ, అదే వాళ్ల పెట్టుబడి. కార్డు ఫొటో ఎవరిదైనా కావచ్చు.

డబ్బు పడినట్టు స్క్రీన్‌షాట్, మెసేజ్ రెండూ నకిలీవి తయారుచేయొచ్చు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి బ్యాలెన్సు పెరిగిందో లేదో చూడండి. యూపీఐ చెల్లింపుకు 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు ఉంటుంది, మీ స్టేట్‌మెంట్‌లోనూ అదే ఉండాలి. "పొరపాటున పదివేలు ఎక్కువ పంపాను, వెనక్కి వేయండి" అన్నా మొదట బ్యాలెన్సే చూడండి. నిజంగానే ఎక్కువ పడి ఉంటే, మీరు పంపకుండా మీ బ్యాంకు ద్వారా వెనక్కి వెళ్లేలా చూడండి.

సాధారణంగా యూపీఐలో రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంది. అంతకు మించితే బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే పద్ధతుల్లో ఐఎంపీఎస్ (5 లక్షల వరకు) గానీ, 2 లక్షలు దాటితే ఆర్టీజీఎస్ గానీ అడగండి. "ఈరోజు లిమిట్ అయిపోయింది, మిగతాది రేపు" అంటే వస్తువు కూడా రేపే. "నెఫ్ట్ చేశాను, ఆదివారం కదా, సోమవారం పడుతుంది" అనే మాట చెల్లదు. అదీ బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే పద్ధతే. నెఫ్ట్ ఏడాది పొడవునా, సెలవుల్లో కూడా, అరగంటకో విడతగా నడుస్తుంది.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. కొనేవాడు ఒకడు, డబ్బు వచ్చేది ఇంకెవరి పేరు మీదో. ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఎవరి దగ్గరో కొట్టేసింది కావచ్చు. బాధితుడు ఫిర్యాదు చేస్తే సైబర్ పోలీసులు ఆ సొమ్ము వెళ్లిన ఖాతాలన్నీ ఆపిస్తారు, అందులో మీదీ ఉంటుంది. అందుకే ఎదురుగా ఉన్న మనిషి పేరుతో ఉన్న ఖాతా నుంచే తీసుకోండి. అతని గుర్తింపు కార్డు అసలుది చూసి, వస్తువు వివరాలు, ధర, యూటీఆర్, తేదీ రాసిన అమ్మకం కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి.

నగదైతే మీ బ్యాంకు శాఖకే రమ్మనండి. డిపాజిట్ మెషీన్‌లో వేయిస్తే దొంగనోట్ల గొడవ అక్కడే తేలుతుంది. ఒక అమ్మకానికి 2 లక్షలు లేదా అంతకుమించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం, తీసుకున్నంతా జరిమానా పడొచ్చు. చెక్కు వద్దు.

ఎక్కడ కలవాలి

పగటిపూట, బ్యాంకు లోపల. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి, విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ లాంటి రద్దీ చోట్లు వస్తువు చూపించడానికి సరిపోతాయి, డబ్బు లెక్కపెట్టడానికి పనికిరావు. ట్రయల్‌కి బైకు ఇస్తే అతని అసలు లైసెన్సు, అతను వచ్చిన బండి తాళం మీ చేతిలో ఉండాలి. లేదా వెనక మీరే కూర్చోండి.

బైకు, కారు కాగితాలు

ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి ఇవ్వొద్దు. బండి పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 పూర్తిగా నింపాకే సంతకం. అమ్మిన సంగతిని 14 రోజుల్లోగా రవాణా శాఖకు మీరు తెలపాలి. ఆర్సీలో పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. బండి ఇచ్చిన రోజుతో పాటు గంట, నిమిషం కూడా కాగితంలో రాయండి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం నుంచో, పాతపట్నం దాటి పర్లాకిమిడి నుంచో వచ్చినవాళ్లు కొంటే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. "మేం చూసుకుంటాం" అన్నా వినొద్దు.

ఫోన్ అమ్మేటప్పుడు డబ్బు ఖాతాలో పడ్డాకే గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ తీసేసి రీసెట్ చేయండి. తీయకుండా రీసెట్ చేస్తే అది లాక్ అయిపోవచ్చు, అప్పుడు కొన్నవాడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

కొరియర్‌లో పంపక తప్పకపోతే

పూర్తి డబ్బు పడ్డాకే. సీరియల్ నంబరు చూపించడం దగ్గర నుంచి సీలు, లేబుల్ వరకు ఒకే వీడియోలో, ఎక్కడా ఆపకుండా తీయండి. రసీదు మీద బరువు రాయించుకోండి. "పెట్టెలో రాయి వచ్చింది" అన్నవాడికి ఆ అంకె సమాధానం. బొబ్బిలి వీణ లాంటివైతే మాత్రం నేరుగా వచ్చి తీసుకెళ్లమనడమే నయం. దారిలో విరిగినదానికి, విరిగిందని చెప్పినదానికి తేడా తేల్చలేం.

డబ్బు పోతే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపించగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం. తర్వాత మీ బ్యాంకుకు చెప్పి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకు నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడా నకిలీ కస్టమర్ కేర్‌లు కాచుకుని ఉంటాయి. ఏటీఎం కార్డు వెనక, పాస్‌బుక్ మీద నంబరు ఉంటుంది. ఫోన్ చేసేటప్పుడు యూటీఆర్, పోయిన మొత్తం, సమయం, అవతలివాడి ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. కోపంలో చాట్ డిలీట్ చేయకండి.