జూనియర్ కెనో స్లాలమ్ చూడబోతున్నారా? ఎర్ర గేట్ల దగ్గర నిలబడండి

యూరప్‌లో ఉంటున్న మనవాళ్లు జూనియర్, అండర్-23 ప్రపంచ కెనో స్లాలమ్ పోటీలు దగ్గర్లో పడితే పిల్లల్ని తీసుకుని తప్పకుండా వెళ్లండి. కెనో స్లాలమ్ అంటే ఉరవడి నీళ్లలో, పైనుంచి వేలాడే కర్రల గేట్లను దాటుకుంటూ చిన్న పడవ నడిపే పందెం. పోలండ్‌లో క్రాకవ్, ఇటలీలో ఇవ్రేయా, స్లొవేకియాలో లిప్టోవ్‌స్కీ మికులాష్ (2024), ఫ్రాన్స్‌లో ఫ్వా (2025), ఎక్కువగా ఇలాంటి చిన్నాపెద్దా ఊళ్లలోనే జరుగుతుంటాయి. యూట్యూబ్‌లో చూసేవాళ్లకూ ఇక్కడ రాసింది పనికొస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు నురగ ఎక్కువున్న చోటికి పరిగెత్తి ఫోన్ పట్టుకుని నిలబడతారు, కానీ పతకం తేలేది అక్కడ కాదు.

ముందు రూల్స్ చూసేద్దాం. జూనియర్లంటే 15 నుంచి 18 ఏళ్లవాళ్లు. కాళ్లు ముందుకు చాపి కూర్చుని, రెండు కొసలా వెడల్పుగా ఉండే తెడ్డు వేస్తుంటే అది కయాక్. మోకాళ్ల మీద కూర్చుని, ఒక కొసే వెడల్పుగా ఉన్న తెడ్డు వేస్తుంటే కెనో. నీళ్ల మీద 18 నుంచి 25 గేట్లు వేలాడుతుంటాయి. ఆకుపచ్చ, తెలుపు చారల కర్రలైతే ప్రవాహంతో పాటు దిగాలి, ఎరుపు, తెలుపు చారలైతే కిందికి దిగి మళ్లీ ఎదురెక్కాలి. కర్రకు తెడ్డు తగిలినా, పడవ తగిలినా, భుజం తగిలినా 2 సెకన్లు కలుపుతారు. గేటు తప్పితే 50, ఇక ఆ రౌండు పోయినట్టే.

ఇప్పుడు ఎర్ర గేటు సంగతి. ఒడ్డు పక్కనో అడ్డుగా ఉన్న బండ వెనకో నీళ్లు వెనక్కి తిరిగి నెమ్మదిగా ఉంటాయి, దాన్ని ఎడ్డీ అంటారు, ఎర్ర గేట్లు ఎక్కువగా అక్కడే వేలాడదీస్తారు. పడవ వేగంగా వచ్చి ఎడ్డీలోకి దూరే క్షణాన తెడ్డునే చూడండి: మంచి ఆటగాడు దాన్ని నీళ్లలో పాతినట్టు ఆపుతాడు, పడవ తోక నీళ్లలో మునిగి ముక్కు పైకి లేస్తుంది, తెడ్డు చుట్టూ పడవ మొత్తం గిర్రున తిరుగుతుంది, భుజం కర్రకు వేలెడు దూరంలోంచి జారిపోతుంది. అదే పడవ గేటు దాటి మరీ కిందికి జారిపోతే, ఆ కాస్త దూరం ఎదురెక్కడానికి రెండు మూడు తెడ్లు అదనంగా పడతాయి. అందుకే ఒక్కో పిల్లాడు ఆ గేటు నుంచి బయటపడటానికి ఎన్ని తెడ్లు వేశాడో లెక్కపెట్టండి. నలుగురిని అలా చూశాక, స్కోరుబోర్డు వంక చూడకుండానే ఎవరు ముందున్నారో మీకే తెలిసిపోతుంది, నా మాట నమ్మండి.

లెక్క విషయంలో చాలామంది తికమకపడతారు. ఒకమ్మాయి 88.40 సెకన్లలో వచ్చి ఒక కర్ర తాకిందనుకోండి, మొత్తం 90.40. ఇంకో అమ్మాయి ఏదీ తాకకుండా 91.10లో వచ్చింది. గెలిచింది తాకిన అమ్మాయే. కాబట్టి కర్ర ఊగగానే 'అయ్యో' అనేయకండి, కొందరు తెగించి కర్రకు దగ్గరగా దూసుకెళ్తారు, ఈ వయసులో ఆ తెగింపు చూడటమే నాకు అన్నిటికన్నా ఇష్టం. మికులాష్ కుర్రాడు మిఖాల్ మార్టికాన్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 17 ఏళ్లకే స్వర్ణం కొట్టాడు, స్వతంత్ర స్లొవేకియాకు అదే మొదటి స్వర్ణం. ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా ఫాక్స్ 2012లో లండన్‌లో రజతం గెలిచినప్పుడు ఆమెకు 18. జూనియర్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

పోటీ మొదలవడానికి ఓ గంట ముందే వెళ్లండి. గేట్లు ఖరారయ్యాక ఆ వరసలో ప్రాక్టీస్ చేయనివ్వరు, పిల్లలు ఒడ్డునే నడుస్తూ, కళ్లు మూసుకుని చేతులు గాల్లో తిప్పుతూ ఒక్కో గేటూ మనసులో దాటుతుంటారు. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడు పలకరించకండి, ఫొటోలు అడగకండి. ఫలితం కూడా వెంటనే ఖాయమైపోదు: వీడియో చూసి జడ్జీలు 50 కలపొచ్చు, తీసేయొచ్చు, అందుకని మీవాడు దిగగానే ఇంటికి ఫోన్ చేసి స్వీట్లు పంచమనకండి.

మన దేశంలోనే చూడాలంటే మధ్యప్రదేశ్‌లో మహేశ్వర్ దగ్గర నర్మద మీద సహస్రధార ఉంది. బండల మధ్య సహజంగా పారే నీళ్లే అక్కడ కోర్సు, 2023లో ఖేలో ఇండియా యూత్ గేమ్స్ స్లాలమ్ అక్కడే జరిగింది. ఇందోర్‌లో దిగితే రోడ్డు మీద వెళ్లిపోవచ్చు.