మనిషి ఇక్కడే, మనసు ఎక్కడో: డిసోసియేషన్ థెరపీలో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

చిన్నతనంలో ఏళ్ల తరబడి దెబ్బలో, లైంగిక హింసో భరించినవాళ్లలో కొందరికి టెన్షన్ పెరగగానే మనసు అక్కణ్ణుంచి తప్పుకుంటుంది. పారిపోయే దారి లేని పిల్లకు అప్పట్లో అదొక్కటే దారి. పెద్దయ్యాక కూడా అలవాటు పోదు. దాన్నే డిసోసియేషన్ అంటారు. విశాఖలో కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్ల దగ్గర నేను తరచూ వినే చిక్కులివి.

సమస్య: మధ్యలో కొంత సమయం మాయమవుతోంది

గాజువాకలో బస్సెక్కారు, మద్దిలపాలెంలో దిగాలి. హనుమంతవాక దగ్గర కండక్టర్ కేకేస్తే తెలివొచ్చింది. ఎప్పుడో ఒకసారైతే అది పరధ్యానమే, అందరికీ ఉంటుంది. వారంలో మూడుసార్లు జరిగి, సంచిలో కొన్నట్టే గుర్తులేని సరుకులు కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

కారణం: మూర్ఛ, మద్యం, కొన్ని మందుల వల్ల కూడా ఇలా అవుతుంది. కాబట్టి ముందు న్యూరాలజిస్టుకు చూపించాలి, అవసరమంటే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీయించాలి. అవి కావని తేలాక పాత భయాన్ని తట్టిలేపేదేమిటో వెతకాలి. అది ఒక వాసన కావచ్చు, తలుపు గడియ చప్పుడు కావచ్చు.

ఇంట్లోవాళ్లు "గాలి సోకింది" అనేస్తారు. జాతరలో వచ్చే పూనకం వేరు. ఆచారంలో భాగంగా వచ్చిపోయేదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 కూడా జబ్బుగా లెక్కించదు. ఇష్టం లేకుండా వచ్చి, బతుకును చెడగొట్టేదే మన సమస్య.

పరిష్కారం: మడమలు నేలకు గట్టిగా నొక్కి, ఈరోజు తారీఖు, మీ వయసు, ఉన్న ఊరు పైకి చెప్పుకోండి. కోసిన నిమ్మచెక్క వాసన చూడండి. కళ్లు మూయకండి. "ధ్యానం చేస్తే ఇంకా తేలిపోతున్నాను" అని చెప్పేవాళ్లున్నారు, అది వాళ్ల తప్పు కాదు. కళ్లు మూసి లోపలికి చూడటమే కొందరికి జారుడుబండ.

సమస్య: థెరపీ మొదలుపెట్టాక ఎక్కువైంది

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

కారణం: తొందర. రెండో సిట్టింగ్‌లోనే థెరపిస్టు "అప్పుడేం జరిగిందో మొత్తం చెప్పమ్మా" అంటారు. థెరపీకి వచ్చినావిడ చెబుతూనే ఉంటుంది, గొంతులో ఏ మార్పూ ఉండదు, చూపు గోడ మీద ఉంటుంది. "ఎంత ధైర్యంగా చెప్పింది!" అనుకుంటాం. నిజానికి ఆ సమయానికి ఆవిడ గదిలో లేదు. ఆ రాత్రి నిద్ర ఉండదు, చెయ్యి కోసుకోవడం మళ్లీ మొదలవుతుంది.

దశలవారీగా వెళ్లాలన్న ఆలోచన ఫ్రాన్స్ మనస్తత్వవేత్త పియర్ జానే నాటిది. 1992లో అమెరికన్ సైకియాట్రిస్టు జూడిత్ హెర్మన్ దాన్ని మూడు దశలుగా స్పష్టం చేసింది: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకాలు తలచుకుని దుఃఖపడటం, ఆపైన మళ్లీ జనంలో కలవడం.

పరిష్కారం: జ్ఞాపకాల పని ఆపి మొదటి దశకు రండి. అది ఓటమి కాదు, ఈ దారిలో ముందుకూ వెనక్కూ నడవడం మామూలే. నిద్ర, తిండి, తనకు తాను హాని చేసుకోకుండా ఉండటం, మనసు జారుతోందని ముందే పసిగట్టడం నిలదొక్కుకోవాలి. తర్వాత ఒక జ్ఞాపకాన్ని కొంచెం ముట్టుకుని, వెనక్కి వచ్చి, సిట్టింగ్ చివరి పావుగంట మామూలు కబుర్లకు ఉంచాలి. లోపల వేర్వేరు 'నేను'లు ఉన్నాయని చెబితే ఒకదాని పక్షాన నిలబడి ఇంకోదాన్ని తిట్టకూడదు, అన్నీ ఆ మనిషివే. డిసోసియేషన్‌కే ప్రత్యేకమైన మాత్ర లేదు, మందులు పనికొచ్చేది కుంగుబాటుకు, నిద్రకు.

చనిపోవాలన్న ఆలోచన వస్తే సిట్టింగ్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, లేదా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: ఎన్నాళ్లయినా మొదటి దశ దాటడం లేదు

కారణం: రెండుంటాయి. కొట్టే మనిషి ఇంకా అదే ఇంట్లో ఉండొచ్చు. అలాంటప్పుడు డిసోసియేషన్ ఆ మనిషిని కాపాడే తన పాత పని తాను చేస్తోందన్నమాట. లేదా థెరపిస్టుకే భయం కావచ్చు. సుదీర్ఘమైన మొదటి దశ అందరికీ అవసరమా అని పరిశోధకుల్లోనూ వాదన ఉంది. తేలిపోవడం తీవ్రంగా ఉన్నవాళ్ల విషయంలో నేను మాత్రం నెమ్మది వైపే.

పరిష్కారం: మొదటిదానికి ముందు ఇల్లు మారాలి, మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. రెండోదానికి థెరపిస్టు తనకంటే అనుభవమున్న థెరపిస్టులతో కేసు చర్చించుకోవాలి.

సమస్య: అంతా తగ్గింది, కానీ ఖాళీగా ఉంది

ఇది మూడో దశ, కంగారు పడక్కర్లేదు. ఇన్నాళ్లూ కాపలాకే సరిపోయిన ఆదివారాలు ఇప్పుడు చేతిలో మిగిలాయి. ఒక స్నేహితురాలితో బీచ్ రోడ్డుకు వెళ్లి మురీ మిక్స్చర్ తినడంతో మొదలుపెట్టవచ్చు.