కట్టెలు టన్నుల్లెక్కన కొనేవాళ్లకి

పెళ్లికో గృహప్రవేశానికో అడితిలో కట్టెలు తూకానికి కొంటే చాలాసార్లు నీళ్లకే డబ్బు కడతాం, ఎందుకంటే అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీరే, పైగా పొయ్యి దగ్గర వంటవాళ్లకి పొగ. బేరానికి ముందు కుప్ప మధ్యలోంచీ అడుగునుంచీ నాలుగైదు దుంగలు తీయించండి (పైన ఎండినవే కనిపిస్తాయి లెండి). చివర్లలో పగుళ్లు ఉండి, బెరడు సులువుగా ఊడుతూ, రెండిటిని కొడితే టంగుమంటే ఎండినట్టే. ధబ్‌మంటే పచ్చి. అనుమానముంటే ఒకటి గొడ్డలితో చీల్పించి లోపల చెయ్యి ఆనించి చూడండి, చెమ్మ తగిలితే వద్దు.

ట్రాక్టర్‌ని ముందు ఖాళీగా, తర్వాత లోడుతో ఒకే వేబ్రిడ్జి మీద తూయించి రెండు చీటీలూ మీరే తీసుకోండి. డ్రైవర్ దిగితే రెండుసార్లూ దిగాలి, కూర్చుంటే రెండుసార్లూ కూర్చోవాలి, ఇది మాత్రం మొహమాటపడకుండా చెప్పండి. పెళ్లికి ఇంకా నెలలు టైముండి పచ్చివే దొరికితే తూకం వద్దు, ట్రాలీకి ఇంత అని మాట్లాడుకుని ఇంటి దగ్గరే గాలి ఆడేలా పేర్చి ఎండబెట్టుకోండి.

వానాకాలంలో చప్పుడుని నమ్మొద్దు. పైపైన తడిసిన ఎండు కట్టె కూడా ధబ్‌మంటుంది, అప్పుడు చీల్చి చూడాల్సిందే.