జంటగా తొలిసారి పారిస్‌కి: షెంజెన్ వీసా దరఖాస్తు విధానం

పారిస్ వెళ్దామని అనుకున్న రోజు రాత్రే విమానం ధరలు చూసేస్తాం, ఐఫిల్ టవర్ కనిపించే హోటల్ గది వెతికేస్తాం. వీసా సంగతి తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. అక్కడ ముందుగా బుర్రకెక్కించుకోవాల్సింది ఒకటి ఉంది: వెళ్లేది ఇద్దరూ కలిసే, ఫైళ్లు మాత్రం రెండు. భార్యాభర్తలకు కలిపి ఒక వీసా అంటూ ఉండదు. ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడమూ జరగొచ్చు. మేము డైనింగ్ టేబుల్ మీద రెండు కుప్పలు పెట్టుకుని, నా కుప్పలో పడ్డ ప్రతి కాగితానికీ మా ఆవిడ కుప్పలో జిరాక్స్ పడిందా లేదా అని చూసుకుంటూ సర్దాం.

ఏ దేశానికి, ఎప్పుడు?

షెంజెన్ వీసా అంటే ఫ్రాన్స్‌తో సహా 29 యూరప్ దేశాల్లో చెల్లే ఒకే వీసా. పర్యాటకులకు ఇచ్చేది షార్ట్ స్టే వీసా. దాని మీద ఏ 180 రోజుల్లో లెక్కేసినా 90 రోజులకు మించి ఉండకూడదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో ఆరు రాత్రులు అయితే మీ దరఖాస్తు స్విట్జర్లాండ్‌కే. రెండూ సమానమైతే ముందు ఎక్కడ దిగుతారో అక్కడికి. 'ఏ దేశానికి అపాయింట్‌మెంట్ స్లాట్ దొరికితే ఆ దేశానికి పెట్టేయండి' అనే సలహా ఊరికే దొరుకుతుంది, పట్టించుకోకండి. పారిస్ నుంచి రైల్లో లండన్ వెళ్లొద్దామనుకుంటే బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. పైగా తిరిగి పారిస్ రావాలంటే షెంజెన్ వీసాలో రెండో ఎంట్రీ, అంటే రెండోసారి లోపలికి రానిచ్చే అనుమతి, ఉండాలి. దరఖాస్తులో ఈ మాట రాయకుండా తర్వాత తల పట్టుకుంటారు చాలామంది.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజులు పట్టొచ్చు. మే నెలలో వెళ్లాలనుకునేవాళ్లు సంక్రాంతి పండగ కాగానే కూర్చోవడం మంచిది. వేసవి సెలవుల ముందు దరఖాస్తు ఇవ్వడానికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం.

రెండు కుప్పలు

ఫ్రాన్స్-వీసాస్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ఫారాలు నింపాలి. ఖాతా ఒకటే చాలు, ఫారం ఎవరిది వారికే. పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

మన జంటలకు చిక్కు వచ్చేది పేర్ల దగ్గర. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, భర్త పాస్‌పోర్టులో ఆయన ఇంటిపేరు. ఇందులో తప్పేమీ లేదు, మార్చుకోనక్కర్లేదు. పాస్‌పోర్టులో ఎలా ఉందో ఫారంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. ఇద్దరి మధ్య బంధాన్ని చూపించేది వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. శుభలేఖ, పెళ్లి ఆల్బం దానికి బదులు కావు. పెళ్లయి పదేళ్లయినా రిజిస్టర్ చేయించుకోని జంటలు మనలో బోలెడు మంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా చేయించుకోవచ్చు, ముందు ఆ పని చూడండి.

ఉద్యోగం చేసేవారు జీతం స్లిప్పులు, ఆఫీసు ఇచ్చిన సెలవు మంజూరు లేఖ, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెడతారు. భార్యకు సొంత సంపాదన లేకపోతే, ఖర్చంతా తానే భరిస్తానని భర్త సంతకం చేసిన లేఖ, పైన చెప్పిన ఆయన కాగితాలన్నిటి నకళ్లు, వివాహ సర్టిఫికెట్ నకలు ఆమె ఫైల్లో ఉండాలి. ఉద్యోగం భార్యది, ఇల్లు చూసుకునేది భర్త అయితే ఇదే తిరగేసి. హోటల్ బుకింగ్ ఉన్నవారికి రోజుకు మనిషికి 65 యూరోలు, లేనివారికి 120 యూరోలు చేతిలో ఉండాలని ఫ్రాన్స్ లెక్క. ఎనిమిది రోజులకు ఇద్దరికీ కలిపి 1,040 యూరోలు కనీసం. అంచుమీద కాకుండా అంతకన్నా బాగా ఎక్కువే చూపించండి. దరఖాస్తుకు వారం ముందు బావగారి దగ్గర చేబదులు తెచ్చి ఖాతాలో వేస్తే స్టేట్‌మెంట్‌లో అది ఇట్టే తెలిసిపోతుంది.

చుట్టాలింట్లో దిగేవాళ్లకు దారి వేరు. యానాం ఒకప్పటి ఫ్రెంచి స్థావరం కాబట్టి అక్కడి కుటుంబాల్లో కొందరికి ఫ్రాన్స్‌లో బంధువులున్నారు. అలాంటప్పుడు ఆతిథ్యమిచ్చేవారు తమ ఊరి మున్సిపాలిటీ నుంచి ఆతిథ్య ధ్రువపత్రం తీసుకుని పంపాలి, మామూలు ఆహ్వాన లేఖ సరిపోదు.

ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఉండాలి, షెంజెన్ దేశాలన్నిటిలో, అక్కడున్న అన్ని రోజులకూ వర్తించాలి. పాలసీ ఒకటే అయినా ఇద్దరి పేర్లూ కనిపించే ప్రతిని రెండు ఫైళ్లలోనూ పెట్టండి. విమానానికి రిజర్వేషన్ చాలు, వీసా రాకముందే వాపసు రాని టికెట్లు కొనకండి.

రోజువారీ ప్రణాళిక కూడా జతచేస్తే మంచిది. మా మొదటి చిత్తులో మంగళవారం లూవ్ర్ మ్యూజియం, సోమవారం వెర్సాయ్ అని రాసుకున్నాం. లూవ్ర్‌కి మంగళవారం సెలవు, వెర్సాయ్ ప్యాలెస్‌కి సోమవారం సెలవు! రెండూ తారుమారు చేసి మళ్లీ ప్రింట్ తీశాం.

సెంటర్‌లో

ఫారాలు పూర్తయ్యాక వచ్చే రిఫరెన్స్ నంబర్లతో హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ గ్లోబల్ సెంటర్‌లో ఇద్దరికీ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పత్రాలు తీసుకుని పంపడం వరకే వాళ్ల పని, వీసా ఇవ్వాలా వద్దా అన్నది ఫ్రెంచి కాన్సులేట్ చేతిలో ఉంటుంది. వీసా ఫీజు పెద్దలకు మనిషికి 90 యూరోలు, రూపాయల్లో కట్టించుకుంటారు. సర్వీసు చార్జీ అదనం. వీసా తిరస్కరించినా ఫీజు తిరిగి రాదు.

ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. మా వీధి స్టూడియో అబ్బాయి 'వీసా ఫొటోనే కదా సార్' అంటూ అమెరికా వీసాకి పెట్టే చదరపు ఫొటోలు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిస్తే గానీ తెలియలేదు.

పది వేళ్ల ముద్రలూ తీసుకుంటారు, అందుకే ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. ఆషాఢమైనా సరే, ఆ వారం గోరింటాకు ఆపుకోండి. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల వరకు పనికొస్తాయి.

పాస్‌పోర్టులు చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి రెండు స్టిక్కర్లూ పక్కపక్కన పెట్టి చదవండి: పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీలు, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని రోజులు. తేదీల మధ్య వ్యవధి కన్నా ఉండనిచ్చే రోజులు తక్కువ ఉంటాయి, లెక్కలోకి వచ్చేది ఆ రోజుల సంఖ్యే. తిరస్కరిస్తే కారణం గుర్తుపెట్టిన పత్రం ఇస్తారు, అప్పీలు ఎలా చేసుకోవాలో అందులోనే ఉంటుంది.

వీసా ఉన్నా పారిస్ విమానాశ్రయంలో సరిహద్దు అధికారి హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, బీమా అడగొచ్చు. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ విధానంలో ముఖం ఫొటో కూడా తీస్తారు, వరుస నెమ్మదిగా కదిలితే కంగారుపడకండి. అధికారి అడిగే ఆ కాగితాల నకళ్లను సూట్‌కేసులో పడేయకుండా, ఎవరి సెట్ వారి చేతిసంచిలో పెట్టుకోండి.