చెరువులో కొర్రమీను ఎంత ఉంది, ఎంత పట్టొచ్చు: లెక్క తేల్చే పద్ధతి

బొచ్చె, రోహు లెక్క సులువు. వానాకాలంలో ఎన్ని పిల్లలు వదిలారో కాగితం మీదే ఉంటుంది. ఎండాకాలంలో పట్టేసినా మళ్లీ పిల్లలు వస్తాయి. కొర్రమీనును మామూలుగా ఇలా వదలరు. అది చెరువులోనే గుడ్లు పెట్టి, అక్కడే పెరుగుతుంది. ఈ ఏడు మిగిలిన తల్లిచేపలే వచ్చే ఏటి విత్తనం. తెలంగాణ రాష్ట్ర చేప అన్న గౌరవం ఉన్నా, హైదరాబాద్ చుట్టుపక్కల చాలా చెరువుల్లో దీన్ని ఎంత పట్టారో తప్ప, ఎంత ఉందో రాసుకునే అలవాటు లేదు.

పట్టుబడిని చూసి నిల్వను అంచనా వేయడమే అసలు ప్రమాదం. ఏప్రిల్‌లో నీళ్లు దిగిపోతే చేపంతా తూము దగ్గరి మడుగులో చేరుతుంది. వలకు బాగా పడుతుంది, "ఈసారి చేప మస్తుగుంది" అనుకుంటారు. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప విషయంలో జరిగిందీ దాదాపు ఇదే. చేప తగ్గుతున్నా, మిగిలినవి గుంపుగా చేరే చోటికే పెద్ద పడవలు వెళ్లి వలలు నింపాయి. ఆ పట్టుబడినే ఎక్కువగా నమ్మి కోటాలు (ఎంత పట్టొచ్చో హద్దులు) వేశారు. ఒడ్డు దగ్గర పట్టేవాళ్లు చేప చిన్నదవుతోందని మొత్తుకున్నా లెక్కలోకి రాలేదు. 1992 జులై 2న వేట ఆపేయాల్సి వచ్చింది, దాదాపు 30,000 మందికి పని పోయింది. ఆ నిషేధం పూర్తిగా ఎత్తేసింది 2024లో.

వల రాత్రి, నీటి విస్తీర్ణం

ముందు వేటకు ఒక కొలమానం పెట్టుకోవాలి. 50 మీటర్ల వల ఒక రాత్రి నీళ్లలో ఉంటే ఒక "వల రాత్రి". గాలాల తాడైతే 100 గాలాలు ఒక రాత్రి. విసురువలకు గంటలు. ఈ మూడింటినీ ఒకే వరుసలో కలపొద్దు, మూడు పుటలు వేరుగా ఉండాలి. తేదీ, ఎన్ని వలలు, వల కన్ను (రంధ్రం) ఎంత, ఎన్ని కొర్రమీనులు, బరువు, తూము దగ్గర నీటిమట్టం రాయాలి. ఏమీ పడని రాత్రినీ సున్నా అని రాయాల్సిందే. చాలామంది మరిచేది ఇదే, అది లేకపోతే సగటు అబద్ధం చెబుతుంది.

వలకు పడిన సగటును ఆ రోజు నీరున్న ఎకరాలతో గుణించాలి. డిసెంబరులో 60 ఎకరాల్లో నీళ్లుండి, వల రాత్రికి రెండు చేపలు పడ్డాయనుకుందాం: సూచిక 120. ఏప్రిల్‌లో 15 ఎకరాలు, వల రాత్రికి నాలుగు: సూచిక 60. వలను చూస్తే చేప రెట్టింపైంది, చెరువును చూస్తే సగమైంది. ఈ సూచిక చేపల సంఖ్య కాదు. ఏటికేడు ఒకే నెలలో పోల్చుకోవడానికే.

గుర్తు వేసి లెక్కించడం

అసలు సంఖ్య కావాలంటే కొన్ని పట్టి, గుర్తు వేసి, వదిలి, మళ్లీ పట్టాలి. దీనికి ఫిబ్రవరి మంచిది. మత్తడి దూకుతున్నప్పుడు చేప లోపలికీ బయటికీ పోతుంది కాబట్టి లెక్క కుదరదు. చలి గట్టిగా ఉన్న డిసెంబరు, జనవరిలో చేతులు పడిన చేపకు పుండ్ల రోగం తగిలే ప్రమాదం ఎక్కువ.

కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చాల్సిన చేప. వలలో చిక్కి నీటి అడుగున ఉండిపోతే మునిగి చస్తుంది. అందుకే గుర్తు వేసే రోజు రాత్రంతా వల వదిలేయకూడదు. పై తాడు నీటి మీద తేలేలా కట్టి అరగంటకోసారి చూడాలి, లేదా పైభాగం నీళ్ల బయట ఉండే బుట్ట ఉచ్చులు పెట్టాలి. పట్టిన చేపను ఉంచే తొట్టి మీద వల కప్పకపోతే ఎగిరి బయట పడుతుంది. తడి చేతులతో, తడి గుడ్డలో పట్టుకుని, 30 సెంటీమీటర్లు దాటినవాటికే తోకరెక్క పైకొనను కత్తెరతో కాస్త కత్తిరించాలి. లీటరుకు 20 గ్రాముల కల్లుప్పు కలిపిన నీళ్లలో ఒక నిమిషం ఉంచి, పట్టిన చోటే కాకుండా చెరువంతా చెదరగొట్టి వదలాలి. రెక్క మళ్లీ పెరుగుతుంది కాబట్టి రెండో వేట మూడు వారాలు దాటనివ్వొద్దు. వారమన్నా ఆగకపోతే చేప కలవదు. రెండోసారి వేరే రకం వల వాడితే మంచిది: ఒకసారి ఉచ్చులో పడిన చేప మళ్లీ ఆ ఉచ్చు దగ్గరికి రాకపోవచ్చు.

లెక్క ఇలా: గుర్తు వేసినవాటికి ఒకటి కలిపి, రెండోసారి పట్టినవాటికి ఒకటి కలిపి, ఈ రెండింటినీ గుణించాలి. గుర్తుతో తిరిగొచ్చినవాటికి ఒకటి కలిపి, దానితో భాగించాలి. చివర ఒకటి తీసేయాలి. 60 చేపలకు గుర్తు వేసి, రెండోసారి 48 పడితే, అందులో గుర్తున్నవి 6 అయితే: 61 × 49 ÷ 7 = 427, ఒకటి తీస్తే 426. తిరిగొచ్చినవి ఆరే కాబట్టి పొరపాటు దాదాపు 130 అటూ ఇటూ ఉంటుంది. అందుకని 426 కాదు, 296 అనుకుని నడవాలి. తిరిగొచ్చినవి ఐదుకన్నా తక్కువైతే అసలు లెక్కే కట్టొద్దు, ఇంకో రెండు రాత్రులు వల వేయాలి. మధ్యలో ఎవరైనా గుర్తున్న చేపను కూరకు తీసుకెళ్లి చెప్పకపోతే, ఉన్నదానికన్నా ఎక్కువ చేప ఉన్నట్టు తేలుతుంది. ఈ రెండు మూడు వారాలు మత్స్యకారుల సంఘం సభ్యులందరికీ ఈ సంగతి తెలియాలి.

పొడవు

పలక మీద స్కేలు అంటించి, మూతి కొన నుంచి తోక చివరి వరకు కొలిచి, రెండేసి సెంటీమీటర్ల గడుల్లో గీతలు గీస్తే చాలు. నెలకు 100 చేపలైనా ఉండాలి. వ్యాపారి పెద్దవి ఏరుకెళ్లాక మిగిలినవి కొలిస్తే పనికిరాదు, ఒడ్డుకు రాగానే కొలవాలి. ఇంటికి తీసుకెళ్లే చిన్నవీ ఇందులోకి రావాలి.

మే, జూన్‌లో చచ్చిన ఆడచేపల కడుపు కోసి గుడ్లసంచి నిండిందో లేదో చూసి, పొడవుతో పాటు రాయండి. ఓ ముప్పై చేపలు చూస్తే, సగం ఆడచేపలు ఏ పొడవులో గుడ్లకు వస్తున్నాయో తెలుస్తుంది. సాధారణంగా 25 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. పట్టే హద్దు దానికి పైన ఉండాలి. కన్ను తేల్చడానికి ఒక దారం చాలు: హద్దు పొడవున్న చేప చుట్టూ, లావైన చోట దారం చుట్టి, ఆ పొడవును సగం చేస్తే సాగదీసిన కన్ను కొలత వస్తుంది. దానికన్నా కాస్త పెద్ద కన్నున్న వల కొంటే చిన్నది జారిపోతుంది.

గీతల్లో 50 సెంటీమీటర్లు దాటిన గడులు ఏటికేడు ఖాళీ అవుతుంటే, మొత్తం బరువు బాగున్నా వేట ఎక్కువైందనే అర్థం. పెద్ద ఆడచేప పెట్టే గుడ్లు చిన్నదానికన్నా చాలా ఎక్కువ.

ఎంత పట్టాలి

మొదటి ఏడు, పొరపాటు తీసేశాక మిగిలిన తక్కువ అంకెలో మూడోవంతుకు మించొద్దు. 296లో అంటే 98 చేపలు. సగటున 600 గ్రాములైతే 60 కిలోలకు కాస్త తక్కువ. తక్కువనిపిస్తుంది, కానీ ఇంకో రెండేళ్ల రాతలు చేతిలో లేనప్పుడు ఇంతకన్నా ధైర్యం చేయడం జూదమే.

తేదీల దగ్గర చిక్కుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె రోజున రాంనగర్, బేగంబజార్ మార్కెట్లలో చేప ధర ఆకాశంలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే తొలకరికి కొర్రమీను జత కడుతుంది. ఆ రోజు ధర వదులుకోమంటే ఏ సంఘమూ ఒప్పుకోదు. అందుకే కోటాలోని కొంత చేపను మే చివరి వారంలోనే పట్టి, పైన వల కప్పిన హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టిలో), పైకొచ్చి గాలి పీల్చే జాగా ఉండేలా ప్రాణంతో ఉంచి, కార్తెకు అమ్మాలి. పెద్దవీ చిన్నవీ ఒకే హాపాలో వేస్తే చిన్నవి మిగలవు. మే 31 తర్వాత ఆగస్టు చివరిదాకా కొర్రమీను కోసం వలా గాలమూ దించొద్దు.

ఆ నెలల్లో కట్ట అంచున నీటిమీద ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తుంది, కింద తల్లీదండ్రీ కాపలా ఉంటాయి. కప్పను గాలానికి గుచ్చి అక్కడ వేస్తే కాపలా చేప మీదపడి కొరుకుతుంది. పట్టడం చాలా తేలిక, నష్టం కూడా అంతే: కాపలా పోయిన గుంపును మిగతా చేపలు తినేస్తాయి. జులైలో వారానికోసారి పొద్దున్నే కట్ట వెంట ఒకే 500 మీటర్లు నడిచి గుంపులు లెక్కపెట్టండి. ఖర్చు లేదు, వచ్చే ఏటి పంట ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. గూళ్లు కట్టేది అంచున తుంగలోనే కాబట్టి ఆ నెలల్లో తుంగ మొత్తం కోయించొద్దు.

ఎండాకాలంలో ఒక మడుగైనా ఛాతీ లోతు నీళ్లతో వదలాలి. తడి బురదలో దాక్కుని వానల దాకా బతికే చేప ఇది. బురద తవ్వి తీస్తే విత్తనమే పోతుంది. కొర్రమీను మిగతా చేపపిల్లల్ని తింటుందన్నది నిజమే. దానికి మందు 80–100 మిల్లీమీటర్ల పిల్లల్ని వదలడం, కొర్రమీనును ఊడ్చేయడం కాదు.

రెండో ఏడు ఫిబ్రవరిలో సూచిక కిందటి ఫిబ్రవరికన్నా అయిదోవంతుకు మించి తగ్గితే కోటా సగం చేయాలి. సూచిక నిలకడగా ఉండి, పెద్ద గడులు కూడా నిండితేనే పదో వంతు పెంచాలి. ఆ ఏడు చెరువు నిండకపోతే సూచిక ఏం చెప్పినా కోటా పెంచొద్దు.