సెలవులకు విదేశాలకా? బ్యాగు సర్దే ముందు ఇవి చూసుకోండి

ఎండాకాలం సెలవులు వస్తున్నాయి. అనంతపురం నుంచి తక్కువ ఖర్చులో దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్ బయలుదేరేవాళ్ల కోసం.

• గసగసాలు. దుబాయ్‌లో, సింగపూర్‌లో ఇవి నిషేధం, మత్తుమందు లెక్కలోకి వస్తాయి. అమ్మ కట్టిచ్చిన కోడికూర మసాలా పొట్లంలో ధనియాలు, చెక్క, లవంగాలతో పాటు ఇవీ దంచి ఉంటాయి. పొడి అయ్యాక కంటికి కనబడవు కదా! అడిగి కనుక్కోండి, ఉంటే ఇంట్లోనే పెట్టేయండి. చెనిక్కాయల పొడి చాలు.

• పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి. ఖాళీగా ఉంటే దుబాయ్ విజిట్ వీసాకు చిక్కు. టికెట్ కొనకముందే చూడండి.

• పాస్‌పోర్ట్ గడువు. కనీసం 6 నెలలు లేకపోతే విమానమే ఎక్కనివ్వకపోవచ్చు.

• చౌక టికెట్‌కు చేతిబ్యాగు సాధారణంగా 7 కిలోలే. ఇంట్లోనే తూకం వేయండి, కౌంటర్ దగ్గర కట్టే డబ్బు చూస్తే ఏడుపొస్తుంది.

• బ్యాంకాక్‌లో పచ్చబుద్ధుడి గుడికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. నిక్కర్లతో రానివ్వరు.

• విమానం బెంగళూరు నుంచైతే, అక్కడి ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లి దగ్గర, ఊరికి మనవైపే ఉంది. నేను మొదటిసారి బస్సులో నిద్రపోయి ఊరి మధ్యలోని మెజెస్టిక్ బస్టాండు దాకా పోయి, టెన్షన్‌తో మళ్లీ వెనక్కి వచ్చాను.